ఐదో రోజంటే ఎప్పట్నుంచి లెక్క?

జాకెట్టు కొలతలు ఇచ్చేటప్పుడు ఆడవాళ్లు చెప్పుకునే సంగతులు ఇంకెక్కడా చెప్పుకోరు. టేపు చుట్టి చంక కింద పట్టుకుంటే ఇద్దరి మధ్యా జానెడు దూరం ఉండదు. పైగా నేను వాళ్ల మొహంలోకి చూడను, టేపు మీద అంకెలు చూస్తుంటాను. ఆ ధైర్యంతో అడిగేస్తారు. ఒడిశా అంచున పర్లాకిమిడిలో మిషను పెట్టుకుని 14 ఏళ్లయింది. ఇన్నాళ్లలో నా చెవిన పడ్డ ప్రశ్నల్లో ఎక్కువసార్లు విన్నది ఒకటే, గర్భం రాకుండా వేసుకునే మాత్ర గురించి: "అక్కా, ఈ మాత్ర ఎప్పట్నుంచి పనిచేస్తాది?"

మొన్న ఒక ఆదివారం సాయంత్రం అదే ప్రశ్న వేసిన పిల్లకి పాతికేళ్లు కూడా ఉండవు. రెండేళ్ల కూతురు గుమ్మంలో కూచుని నా గుడ్డపీలికలతో ఆడుకుంటోంది. మొగుడు సూరత్‌లో మరమగ్గాల మీద పనికి వెళ్లి ఐదు నెలలైంది. గురువారం దిగుతున్నానని ఫోను చేశాడట.

"ఇయ్యాల రేత్రి నుంచి ఏసుకుంటే అప్పటికి పట్టేస్తాదా అక్కా?" అంటూ చేతిసంచిలోంచి పాత క్యాలెండరు కాయితంలో చుట్టిన పొట్లం తీసింది. ఆశా దీదీ, అంటే మా ఆశా కార్యకర్త, ఇచ్చిన మాలా-ఎన్ మాత్రల అట్ట. ఇరవై ఒక్క తెల్ల మాత్రలు, చివర్న ఏడు గోధుమరంగువి.

కొలతలు పక్కన పెట్టి, "ఏ వైపు నుంచి మొదలెడతావే?" అని అడిగాను. గోధుమరంగు మాత్రల మీద వేలు పెట్టింది. "ఇయ్యి రంగున్నాయి కదా, ఇయ్యే బలమైనవి అనుకున్నాను."

అవి ఐరన్ మాత్రలు. రక్తానికి మంచివే. గర్భం ఆపడంలో మాత్రం వాటికి ఏ పనీ లేదు. రోజూ మాత్ర వేసుకునే అలవాటు తప్పకూడదని, తెల్లవి అయ్యాక నెలసరి వచ్చే ఆ వారం రోజులకీ వాటిని పెట్టారు. ఈ పిల్ల ఆ రాత్రి నుంచి వాటినే మింగి ఉంటే, మొగుడు దిగే నాటికి నాలుగు ఐరన్ మాత్రలూ కొండంత ధైర్యమూ ఉండేవి, అంతే. అట్ట మీద బాణం గుర్తు ఉంది. కానీ ఆ గుర్తుని ఎలా చూడాలో ఒకరు వేలు పెట్టి చూపిస్తేనే గదా తెలిసేది.

నేను డాక్టర్ని కాను. బీపీ, గుండెజబ్బు, కామెర్లు లాంటివి ఉన్నవాళ్లు ఈ బ్లాగు చదివి మాత్ర మొదలెట్టొద్దు. నేను చెప్పేది వేరే. ఈ మాత్రకి మందు ఎంతో లెక్క అంత. చేతిలో మందు పెట్టి లెక్క చెప్పకుండా పంపెయ్యడం, గుడ్డ కత్తిరించి కొలతలు పారేసినట్టే. ఆ మాట అనడానికి నాకు హక్కుంది. ఆ తప్పుడు లెక్కకి నేనూ బలయ్యాను.

2011 సంగతి. మా పెద్దదానికి ఏడాదిన్నర. నా పుట్టిల్లు పాతపట్నం పక్కన పల్లె, అత్తిల్లు ఇక్కడ. పుట్టింట్లో నాకు తెలిసిన కుటుంబ నియంత్రణ ఒక్కటే, ఆపరేషన్. మా అమ్మకి, పిన్నికి, పెద్దమ్మకి, ఆఖరికి నా ఈడు స్నేహితురాళ్లకి కూడా అదే. ఇద్దరు పిల్లలు పుట్టగానే చేయించేసుకుంటారు, కథ ముగిసింది. పిల్లకీ పిల్లకీ ఎడం కోసం ఇంకోటి ఉందన్న ఊసే ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇది మా ఇంటి గొడవే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ మీదే ఉన్నారు. దేశం మొత్తం చూస్తే అది 38 శాతం. ఒడిశాలో ఆంధ్ర లెక్కలో సగం కూడా లేదు, ఇక్కడ మాత్రలు వాడేవాళ్లు ఎక్కువ. 1936లో రాష్ట్రం గీత గీసినప్పుడు మా ఊరు ఇటు పడింది, పాతపట్నం అటు ఉండిపోయింది. చుట్టాలు, భాష, పప్పుచారు అన్నీ ఒకటే. కడుపు సంగతి మాత్రం గీతకి అటు ఒక తీరు, ఇటు ఒక తీరు. అటునుంచి ఇటు కోడలిగా వచ్చిన మాలాంటివాళ్లకి మాత్ర వేసుకోవడం ఎలాగో చెప్పడానికి అమ్మకి తెలీదు, అత్తకి అక్కర్లేదు.

అందుకని ఒక ఆసుపత్రికి వెళ్లాను, పేరెందుకు లెండి. కిటికీ దగ్గర కూచున్నావిడ అట్ట నా చేతిలో పెట్టి, "మాసికర పంచమ దినరు" అని ఒక్క ముక్క చెప్పి నా వెనకామెని పిలిచింది. నెలసరి ఐదో రోజు నుంచి అని. ఆ పాటి ఒడియా నాకు అర్థమవుతుంది. అర్థమవడమే కొంప ముంచింది, ఇంకోసారి అడగాలనిపించలేదు.

ఐదో రోజంటే ఎప్పట్నుంచి ఐదో రోజు? మా ఇంట్లో మూడు రోజులు బయట, నాలుగో రోజు తలస్నానం. ఆ మూడు రోజులూ పంచాంగంలో లేని రోజుల్లాంటివి. స్నానం చేసి ఇంట్లోకి వచ్చాకే ఏ లెక్కైనా మొదలు. మన భాషే చూడండి, కడుపు పండిందనడానికి నీళ్లోసుకుందంటాం. లెక్కంతా నీళ్ల చుట్టూనే తిరుగుతుంది. నేనూ అలాగే స్నానం రోజుని ఒకటి అనుకుని, రెండు, మూడు, నాలుగు, ఐదు అని లెక్కపెట్టుకున్నాను. వాళ్ల లెక్కలో అది ఎనిమిదో రోజు. ఆ రాత్రే మొదటి మాత్ర వేసుకుని, ఇంక భయం లేదని పడుకున్నాను.

మా రెండోవాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాడి మీద నాకే ఫిర్యాదూ లేదు, వాడు చదువుతాడేమోనని ఈ వాక్యం ప్రత్యేకంగా రాస్తున్నాను. ఆ మూడు రోజుల తేడా వల్లే వాడు పుట్టాడని ఒట్టేసి చెప్పలేను. కానీ రెండు గీతలు తేలిన పరీక్ష పట్టుకుని అదే కిటికీ దగ్గరికి వెళ్తే విన్నమాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "నువ్వే సరిగ్గా వేసుకుని ఉండవు." నిజమే, సరిగ్గా వేసుకోలేదు. సరిగ్గా అంటే ఏంటో ఎవరు చెప్పారు? ఇంట్లో మా అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, "మాత్రలన్నీ ఉత్తుత్తివే" అని వాడంతా చాటారు. మా వీధిలో ఆ తర్వాత రెండేళ్లు ఎవరూ మాలా-ఎన్ ముట్టుకోలేదు.

తర్వాత చాలా రోజులకి ఒక డాక్టరమ్మ, జాకెట్ల కోసమే వచ్చారు, ఆ ఐదో రోజు రహస్యం నా సుద్దముక్కతోనే బల్ల మీద గీసి చెప్పారు. నెలసరి మొదలైన కొత్తలో అండాశయంలో కొన్ని అండాలు ఒక్కసారే ఎదగడం మొదలెడతాయట. మొదటి ఐదు రోజుల్లో వాటిలో ఏదీ ఇంకా ముందుకు దూకదు. అప్పుడు మాత్ర మొదలెడితే, ఎదగమని మెదడు నుంచి వచ్చే సంకేతం ఆగిపోతుంది. ఏ అండమూ విడుదలయ్యేదాకా రాదు. అందుకే రక్తం కనపడ్డ రోజుని ఒకటిగా లెక్కేసి, ఐదో రోజు లోపల మొదలెడితే మాత్ర మొదటి రోజు నుంచే పనిచేసినట్టు. మరీ పొట్టి నెలసరి, అంటే 23 రోజులకో అంతకన్నా ముందో వచ్చేవాళ్లు మాత్రం ఐదో రోజు దాకా ఆగితే జాగ్రత్త పడాలి, వాళ్లకి అండం తొందరగా ఎదుగుతుంది.

ఐదు దాటాక అలా కాదు. ఒక అండం మిగతావాటిని తోసుకుని ముందుకొచ్చేసి ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే, గుడ్డ మీద సుద్దగీతగా ఉన్నంతసేపూ చెరిపెయ్యొచ్చు. కత్తెర పడ్డాక చెరిపేదేముంది? ముందుకొచ్చిన ఆ అండాన్ని గట్టిగా అణచాలంటే మాత్ర వరసగా ఏడు రోజులు పడాలి. ఈలోగా గర్భసంచి మూతి దగ్గర జిగురు చిక్కబడుతుంది కానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేం. కాబట్టి నెల మధ్యలో ఏ రోజునైనా మొదలెట్టొచ్చు. కడుపు లేదని నమ్మకం ఉండాలి, మొదటి ఏడు రోజులూ కండోమ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి. అంతే సంగతి. నిమిషంలో చెప్పే ఈ ముక్క నాకు తెలియడానికి ఒక కాన్పు పట్టింది.

అసలు "ఐదో రోజు నుంచి" అనడం ఎందుకు, "ముట్టు కనపడ్డ రోజే మొదలెట్టు" అనొచ్చు కదా అని డాక్టరమ్మని అడిగాను. అనొచ్చు, అదే మంచిది, లెక్క గొడవే ఉండదు అన్నారు. నాకూ అదే బాగుందనిపించి కొన్నాళ్లు అడిగినవాళ్లందరికీ అలాగే చెప్పాను. ఒక పెద్దావిడ నవ్వింది. "బయటున్న మనిషి ట్రంకుపెట్టి ఎలగ ముట్టుకుంటాదే? అత్తని తియ్యమంటాదా?" నిజమే, తట్టలేదు. మాత్రల అట్ట ఎప్పుడూ బట్టల అడుగున, ట్రంకుపెట్టెలో, బియ్యండబ్బా వెనక ఉంటుంది. బయట చేరిన రోజున అది అందదు. అడిగితే గుట్టు బయటపడుతుంది. ఇప్పుడు చెప్పేటప్పుడు ఇంకో మాట కలుపుతున్నాను. ముట్టుగుడ్డలో ప్యాడ్లో పెట్టుకునే సంచిలోనే అట్ట కూడా పెట్టుకోమంటున్నాను. ఆ సంచి జోలికి ఇంట్లో ఎవరూ రారు. అంటుకీ ఒక ఉపయోగం ఉండాలి కదా.

ఇక ఆ ఏడు రోజుల సంగతి. దీని గురించి రాసేవాళ్లందరూ "ఏడు రోజులు కండోమ్ వాడాలి" అని ఆడదానికి చెప్తారు. కండోమ్ వాడేది ఆవిడ కాదు. మా దిక్కున ఇళ్లల్లో సగం మంది మగాళ్లు సూరత్, చెన్నై, హైదరాబాద్, కేరళ అని పోతారు. పండక్కో రథయాత్రకో చెల్లెలి పెళ్లికో దిగుతారు. పది రోజులుండి వెళ్లిపోతారు. మాత్రలు అడిగేవాళ్లలో చాలామంది లెక్క మొగుడి రైలు టికెట్టు చుట్టూ ఉంటుంది. రైలెక్కానని ఫోను రాగానే అట్ట తెరుస్తారు, అతను వెనక్కి రైలెక్కగానే మధ్యలో మానేస్తారు, మళ్లీ వస్తున్నానంటే మిగిలినవి మొదలెడతారు. అట్టలో మాత్రలు తరుగుతుంటాయి, రక్షణ మాత్రం ఒక్కరోజూ పూర్తిగా ఉండదు. ఐదు నెలల తర్వాత ఇంటికొచ్చిన మనిషికి "ఇంకా మూడు రాత్రులు ఆగు, లేదంటే ఇదిగో నిరోధ్" అని చెప్పడం ఎంత కష్టమో కిటికీ దగ్గర కూచున్నవాళ్లకి తెలీదనుకోను. తెలిసీ ఆ మాట ఎత్తరు.

నా మట్టుకు ఒకటి చెప్తాను. టికెట్టు బుక్ చేసిన రోజే మాత్ర మొదలెట్టండి, రైలెక్కిన రోజున కాదు. అతను ఊళ్లో లేనప్పుడు మొదలెడితే ఆ ఏడు రోజులూ వాటంతటవే గడిచిపోతాయి. మొదలెట్టిన అట్ట పూర్తిచెయ్యండి. మళ్లీ రెండు నెలల్లో వచ్చేవాడైతే ఆపకుండా వేసుకోవడమే మేలు.

ఒక రోజు మర్చిపోతే కంగారక్కర్లేదు. గుర్తొచ్చినప్పుడే ఒకటి వేసుకుని, ఆ రోజుది ఎప్పటి వేళకి వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు. వరసగా రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెల్లవి తప్పితే ఒకటి వెంటనే వేసుకుని కొనసాగించాలి, ఏడు రోజుల కండోమ్ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తెల్లవాటి చివరి వారంలో అలా తప్పితే గోధుమరంగువి వదిలేసి నేరుగా కొత్త అట్టలోకి వెళ్లిపోవాలి. గోధుమరంగువి ఎన్ని తప్పినా ఏమీ కాదు. మాత్ర వేసుకున్న రెండు గంటల లోపు వాంతైతే ఇంకోటి వేసుకోవాలి. అన్నిటికన్నా ప్రమాదమైన మరపు ఏదో తెలుసా? కొత్త అట్ట ఆలస్యంగా మొదలెట్టడం. ఐరన్ మాత్రల ఏడు రోజుల్లో అండాశయానికి ఎలాగూ కాస్త వెసులుబాటు దొరికి ఉంటుంది. ఆ వెసులుబాటుకి ఇంకో మూడు రోజులు మనం కలిపితే అండం లేచి కూచుంటుంది. "దీదీ సెలవులో ఉంది, కొత్త అట్ట తేలేదు" అని చాలా తేలిగ్గా అంటారు మా దగ్గర. చేతిలో ఒక అట్ట ఎప్పుడూ అదనంగా ఉండాలి.

మందుల షాపులో జరిగే పొరపాటు ఇంకోటి. సిగ్గుపడుతూ "నెలసరి మాత్రలు" అని అడిగితే, సత్యనారాయణ వ్రతానికో పెళ్లికో ముట్టు వాయిదా వేసుకునే మాత్రలు ఇచ్చేస్తారు. ఆ నోరెతిస్టిరాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర గర్భం రాకుండా వాడేది కాదు. ముట్టు ఆగింది కదా, గర్భమూ రాదులే అనుకుని ఆ పది రోజులూ ధీమాగా ఉన్నవాళ్లని చూశాను. 72 గంటల మాత్ర సంగతీ ఇంతే. అది జరిగిపోయినదానికి, అదీ ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. మర్నాటి రాత్రికి అది కాపలా కాయదు. అది వేసుకున్నాక రోజువారీ మాత్ర వెంటనే మొదలెట్టొచ్చు, ఏడు రోజుల జాగ్రత్త మాత్రం తప్పదు.

గర్భం రాకుండా వాడే ఇంకో మాత్ర ఛాయా గురించి ఎక్కువ రాయను, దానికి వేరే వ్యాసం కావాలి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన మందు, 1991లో సహేలి పేరుతో బజారులోకి వచ్చింది, ఇప్పుడు ప్రభుత్వం ఛాయా పేరుతో ఉచితంగా ఇస్తోంది. హార్మోను మాత్ర కాదు. ముట్టు మొదటి రోజున మొదలెట్టి, మొదటి మూడు నెలలూ వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి. మా జాకెట్ల పిల్లలకి నాకు నచ్చిన మాత్ర ఇది, ఎందుకంటే సంత రోజుతో ముడెయ్యొచ్చు. మొదటి మాత్ర బుధవారం పడిందనుకోండి, బుధవారం సంతకి పోయేముందు ఒకటి, శనివారం తలంటుకి ముందు ఒకటి. మూడు నెలలయ్యాక శనివారానిది మానేసి సంత రోజుది ఉంచుకోవాలి. రెండు రోజులు పెట్టింది ఎందుకో చెప్పకపోతే, "ఒకటి చాలదా" అని మొదటి నెల్లోనే తగ్గించేసుకుంటారు. మందు ఒంట్లో నిండాలంటే ఆ మూడు నెలలూ కావాలి. అలా తగ్గించుకున్న ఒకామె ఆరు నెలల కడుపుతో నా దగ్గరికి జాకెట్టు వదులు చేయించుకోడానికి వచ్చింది.

ఇచ్చేముందు అడగాల్సినవి కూడా మన భాషలో అడగాలి. 35 ఏళ్లు దాటి పొగతాగే ఆడవాళ్లు మాలా-ఎన్ లాంటి మాత్ర వాడకూడదు, రక్తం గడ్డకట్టే ముప్పు, గుండెపోటు ముప్పు పెరుగుతాయి. "మీరు స్మోకింగ్ చేస్తారా?" అని అడిగితే మా ఊళ్లో ఏ ఆడదైనా ఛీ అంటుంది. నా దగ్గరికొచ్చే ఒకావిడ, నలభైకి దగ్గర, అలాగే అని అట్ట తెచ్చుకుంది. కొలతకి చెయ్యెత్తమంటే వేళ్లు పొగచూరి ఉన్నాయి. అడ్డపొగ. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి కాల్చడం శ్రీకాకుళం నుంచి మా దాకా పాత ఆడవాళ్ల అలవాటు. పొగ తాగడమంటే ఆవిడ దృష్టిలో మొగాళ్లు సిగరెట్టు కాల్చడం. చుట్ట కాలుస్తావా అమ్మా అని అడిగుంటే చెప్పేది. ఆవిడ ఆ అట్ట వాపసు ఇచ్చేసింది, కాపర్-టీ వేయించుకుంది.

టీబీ మందులదీ అదే తంతు. రిఫాంపిసిన్ ఉన్న టీబీ కోర్సులో ఉంటే, ఆ మందు లివరు చేత హార్మోనుని తొందరగా కరిగించేస్తుంది. మాత్ర రోజూ వేసుకున్నా వేసుకోనట్టే అవుతుంది. మూర్ఛకి వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ కూడా అంతే. మామూలు జ్వరానికి ఇచ్చే యాంటీబయాటిక్కులతో ఆ బాధ లేదు. టీబీ మందు ఇచ్చేవాళ్ల దగ్గర ఒక రిజిస్టరు, గర్భం మాత్రలు ఇచ్చేవాళ్ల దగ్గర ఇంకో రిజిస్టరు. రెంట్లోనూ పేరున్న ఆడది ఒకతే. ఆ రిజిస్టర్లు మాట్లాడుకోవు.

ఇదంతా ఒక నర్సుతో వాదించాను. మంచి మనిషే, రోజుకి వంద మందిని చూస్తుంది. "ఇన్ని చెప్తే జడుసుకుని అసలు తీసుకోరు. చేతిలో పెట్టేస్తే సగం మందైనా వేసుకుంటారు" అంది. ఆవిడ మాటలో అలసట నాకు అర్థమైంది గానీ న్యాయం కనపడలేదు. ఈ మాత్రని పొల్లు పోకుండా వాడితే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో వందలో ఏడుగురికి. అదే మాత్ర, అదే అట్ట. వెయ్యికి మూడుకీ వెయ్యికి డెబ్బైకీ మధ్య తేడా అంతా మరపు, ఆలస్యం, తప్పు లెక్క. ఆ డెబ్బైలో ఒక్కతి చాలు, వీధి వీధంతా మాత్ర మానేయడానికి. మా వీధిలో ఆ ఒక్కతిని నేనే. సగం మంది వేసుకుంటారని నర్సు అంది కదా, ఆ సగంలో ఎంతమంది గోధుమరంగు వైపు నుంచి మొదలెడుతున్నారో ఎవరైనా చూశారా?

అన్నీ చెప్పమనడం లేదు. బీపీ చూసి, చుట్ట సంగతి, చంటిబిడ్డ సంగతి, వేరే మందుల సంగతి అడిగి, మూడు ముక్కలు చెప్తే చాలు: తెల్లవాటితో మొదలెట్టు, రక్తం కనపడ్డ రోజుని ఒకటిగా లెక్కపెట్టు, ఐదు దాటితే ఏడు రోజులు జాగ్రత్త. పాలిచ్చే తల్లికైతే బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా ఈ మాత్ర వద్దనాలి. చెప్పాక, "ఏదీ, నువ్వు చెప్పు" అని తిరిగి చెప్పించుకోవాలి. నేను కొలత రాసుకున్నాక ఇంకోసారి పైకి చదువుతాను, వాళ్లు ఊఁ అన్నాకే కత్తెర తీస్తాను. ఒక్క జాకెట్టుకే ఇంత చేస్తున్నాం.

ఆ పిల్ల సంగతికొస్తాను. ఆ ఆదివారానికి ముట్టు కనపడి పదకొండో రోజు. ఐదు దాటిపోయింది. మొగుడు ఐదు నెలలుగా ఊళ్లో లేడు కాబట్టి కడుపు అనుమానం లేదు. బీపీ మొన్ననే ఆశా దీదీ చూసిందట, బాగుంది. ఆ రాత్రే తెల్లది మొదలెడితే ఏడో మాత్ర శనివారం రాత్రికి పడుతుంది. అతను గురువారం దిగుతాడు. గురు, శుక్ర, శని, మూడు రాత్రులు. భోజనమయ్యాక పడుకునేముందు వేసుకోమని, మొదట్లో కాస్త వికారం, మధ్యమధ్య మరకలు కనపడినా ఆపొద్దని చెప్పాను. దీదీ దగ్గర నిరోధ్ కూడా అడిగి తెచ్చుకోమన్నాను.

"ఆ మూడు రేత్రులూ ఏటి సెప్పాలక్కా?" అంది.

దానికి నా దగ్గర కొలతల్లేవు. ఉన్నదున్నట్టు చెప్పమన్నాను.

పది రోజుల తర్వాత జాకెట్టు తీసుకోడానికి వచ్చింది. చంకల దగ్గర కాస్త బిగుతైందంది, విప్పి మళ్లీ వేశాను. హుక్కులు కుడుతుంటే తనే చెప్పింది. తలుపు వెనక బొగ్గుతో రోజుకో గీత గీసిందట. గురువారం దిగినవాడు బట్టలు తగిలించబోయి నాలుగు గీతలు చూసి, "ఇదేటి?" అన్నాడట. "పాల లెక్క" అందట. "మనం పాలెప్పుడు పోయించుకున్నాం?" అని అతను అడిగేసరికి నవ్వాపుకోలేక ఉన్నదంతా చెప్పేసిందట. మొదట మొహం ముడుచుకున్నాడట. శనివారం రాత్రి ఏడో గీత మాత్రం అతనే గీశాడట.